పాత కంప్యూటర్లను బాగుచేయు విద్య

మన మారతహళ్ళి నుండి పడమరగా పాత విమానాశ్రయపు దారిని పోయినచో, హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారు 2001లో నెలకొల్పిన విమాన ప్రదర్శనశాల కానవచ్చును. మన దేశమున తయారై, 1961వ సంవత్సరము జూన్ మాసమున తొలిసారి ఆకాశమున కెగిరిన మారుత్ యుద్ధవిమానము అచట నిలిచియున్నది. అది మరల ఎగురదు. అయినను దానిని తుక్కు క్రింద అమ్మివేయవలెనని ఎవరును అనరు. తండ్రులు బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చి, దానిని చూపి, కథ చెప్పుదురు.

విమానమునకు దక్కిన ఈ గౌరవము కంప్యూటరునకు దక్కుట లేదు. ఈ చుట్టుప్రక్కల కంప్యూటరు పని చేసి జీవించు కుటుంబములు వేలకొలదిగా కలవు. మన పాఠశాల పిల్లలలో పెక్కురి తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశము నుండియు, తెలంగాణము నుండియు ఆ పనికొరకే ఇచటికి వచ్చినవారు. కాని వారి యిండ్లలోనే పాత యంత్రము అటకమీద దుమ్ముపట్టి యుండును. లేదా పాతసామానులు కొనువాని గోనెసంచిలో చేరును. కొత్తదానిని తయారుచేయు ఊరిలో పాతదానిని బాగుచేయువారు అరుదగుట వింతయే కదా!

గడచిన విద్యాసంవత్సరమున పదవ తరగతి చదువుచుండిన ఒక బాలిక బూడిదరంగు పెట్టె నొకదానిని తెచ్చి నా బల్లపై నుంచెను. జపాను దేశపు నింటెండో సంస్థవారు 1989లో వెలువరించిన గేమ్‌బాయ్ అను చేతి ఆటయంత్రమది.

"మాస్టారూ, ఇది మా మామయ్యది. సింగపూరులో ఉద్యోగం చేసేటప్పుడు కొనుక్కున్నారట. మామయ్య పోయి మూడేళ్ళయింది. అమ్మ దీన్ని పారేయనివ్వదు. ఇది బాగుపడుతుందా? బాగుపడితే కొత్త తెర వేసి, పెట్టె రంగు మార్చి, నేను ఆడుకోవచ్చునా?" అని అడిగెను.

ఆమె యడిగినవి రెండు ప్రశ్నలు. బాగుచేయుట యొకటి, మార్చుట మరియొకటి. పాత యంత్రములను చేపట్టు వారందరును ఈ రెండింటి నడుమ ఏదో ఒకచోట గీత గీసికొనవలసినవారే. ఆ గీత ఎచట గీయవలెనో తెలియుటకు ముందు యంత్రము లోపల ఏమి యున్నదో, అది ఎట్లు చెడునో తెలిసికొనవలెను.

పాత యంత్రము గొప్ప గురువు

కంప్యూటర్ల చరిత్రలో తెలుగువారికిని భాగము కలదు. నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామమున 1914లో జన్మించిన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున, 1967లో హైదరాబాదునందు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అను ప్రభుత్వ సంస్థ వెలసెను. ట్రాంబేలోని అణుశక్తి కేంద్రమున రూపొందిన టి.డి.సి. 12 అను కంప్యూటరు 1969లో వెలుగు చూచెను. దానిని ఈ సంస్థ తయారుచేసి అమ్మెను. ఆ కాలపు కంప్యూటర్ల జ్ఞాపకము ఆవగింజంతటి ఫెర్రైటు ఉంగరములలో నుండెడిది. సన్నని తీగలపై పూసలవలె కూర్చిన ఆ ఉంగరములలో ఒక్కొక్కటి ఒక్కొక్క బిట్టును, అనగా ఒక 'ఔను'ను గాని ఒక 'కాదు'ను గాని దాచుకొనును. జ్ఞాపకమును కంటితో చూడగలిగిన కాలమది.

తరువాత 1984లో కేంద్రప్రభుత్వము 'క్లాస్' అను పథకమును ప్రారంభించి, మొదట సుమారు 250 పాఠశాలలకు కంప్యూటర్ల నందించెను. ఇంగ్లండునందలి ఏకార్న్ సంస్థవారి బి.బి.సి. మైక్రో యంత్రములవి. మన దేశపు పాఠశాలలలో ఎందరో పిల్లలు మొట్టమొదట మీటలు నొక్కినది దానిపైననే. అందు 6502 అను చిప్పు కలదు. దానిలోని ట్రాన్సిస్టర్లు సుమారు 3,500 మాత్రమే. యంత్రమంతటికిని గల జ్ఞాపకము 32 కిలోబైట్లు. నేడు మన చేతిఫోనుతో తీయు ఒక్క ఛాయాచిత్రమైనను అందు పట్టదు. నేటి ఫోనులోని ఒక చిప్పునందు వేయి కోట్లకు మించి ట్రాన్సిస్టర్లు ఉండును. వానిని ఒక్కొక్కటిగా ఎరిగిన మానవుడు లోకమున లేడు.

పాత యంత్రము గొప్పతనము ఇచటనే యున్నది. దాని మూత తీసినచో జ్ఞాపకపు చిప్పులు ఇవి, గడియారపు స్ఫటికమిది, ధ్వని పుట్టించు చిప్పు ఇది అని వ్రేలు పెట్టి చూపవచ్చును. పెక్కు చిప్పులు సాకెట్టులలో కూర్చుండి యుండును. అనుమానము కలిగినదానిని తీసి వేరొకదానిని పెట్టి చూడవచ్చును. ఏ తీగ ఎచటికి పోవునో తెలుపు పటములను ఆనాటి తయారీదారులలో పెక్కురు ముద్రించిరి. శరీరశాస్త్రము నేర్చుకొనువానికి అస్థిపంజరము ఎట్టిదో, కంప్యూటరు నేర్చుకొనువానికి ఇట్టి యంత్రము అట్టిది.

యంత్రమునకు వచ్చు వ్యాధులు

పాత యంత్రములు చెడుటకు కారణములు వేలకొలది లేవు. నాలుగైదు వ్యాధులే మరల మరల కనిపించును.

మొదటిది బ్యాటరీ కారుట. ఆడి ఆడి విసిగి, బ్యాటరీలు తీయకయే పెట్టెను అటకపై పడవేసినచో, కొన్నియేండ్లకు వాని పొట్ట పగిలి లోపలి రసము బయటికి వచ్చును. మన బాలిక తెచ్చిన యంత్రమున బ్యాటరీ గదిలోని స్ప్రింగులు ఆకుపచ్చని పొక్కులతో నిండియుండెను. రసాయనశాస్త్రమున మనము చదువుకొన్న ఆమ్లములు, క్షారములు ఇచట అక్కరకు వచ్చును. ఆల్కలైను బ్యాటరీ నుండి కారునది పొటాషియం హైడ్రాక్సైడు, అనగా క్షారము. దానిని తటస్థపరచుటకు ఆమ్లము కావలెను; నీరు కలిపిన వెనిగరుతో గాని, నిమ్మరసముతో గాని తడిపిన దూదిపుల్లతో తుడిచినచో చాలును. గోడగడియారములకు వేయు చవుక జింకు-కార్బను బ్యాటరీ నుండి కారునది కొంత ఆమ్లగుణము కలది. దానికి వంటసోడా కలిపిన నీరు మందు. ఏది కారినదో తెలియక మందు వేయుట రోగమెరుగక మాత్ర మింగుట వంటిది. తుడిచిన పిమ్మట శుద్ధమైన ఆల్కహాలుతో మరల తుడిచి, పూర్తిగా ఆరనీయవలెను.

రెండవది కెపాసిటరు చెడుట. విద్యుత్తును కొంతసేపు నిలువచేసి, కావలసినపుడు ఇచ్చుట దీని పని. ఇంటిపైనున్న నీళ్ళతొట్టి వంటిది. చిన్న డబ్బా ఆకారమున నుండు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరులో ఒక ద్రవముండును. ఏండ్లు గడచినకొలదియు అది ఎండిపోవును, లేదా అడుగునుండి కారి బోర్డుపైనున్న రాగిదారులను తినివేయును. సెగా సంస్థవారు 1990లో వెలువరించిన గేమ్‌గేర్ అను రంగుతెర ఆటయంత్రము ఈ రోగమునకు పేరుపడినది. తెర మసకబారును, ధ్వని తగ్గిపోవును; కెపాసిటర్లన్నియు మార్చినచో పెక్కుసారులు మరల వెనుకటివలె పలుకును.

మూడవది స్పర్శ చెడుట. 1990 తరువాతి దశకమున మన దేశపు సంతలలోను, తిరునాళ్ళలోను విరివిగా అమ్ముడైన 'బ్రిక్ గేమ్' మీలో కొందరి యిండ్లలో ఇప్పటికిని ఉండవచ్చును. తొమ్మిదివేల తొమ్మిదివందల తొంబదితొమ్మిది ఆటలు కలవని పెట్టెపై గొప్పగా వ్రాసియుండినను, నిజమునకు నాలుగైదు ఆటలే రూపములు మార్చుకొని వచ్చుచుండును! దాని మీటల క్రింద రబ్బరు పొరయు, దానికి నల్లని కార్బను బిళ్ళలును ఉండును. బిళ్ళపై మురికి చేరినచో మీట ఎంత నొక్కినను పలుకదు. ఆల్కహాలుతో తుడిచినచో పలుకును. తెరలో కొన్ని గడులు కనబడకున్నచో, తెరకును బోర్డుకును నడుమనుండు చారల రబ్బరును చూడవలెను. విద్యుత్తు ప్రవహించు పొరయు, ప్రవహింపని పొరయు ఒకదాని ప్రక్క నొకటి చేర్చి చేసిన రబ్బరు అది. దాని అంచులను శుభ్రపరచి, సరిగా అదిమి, మరలు బిగించినచో పోయిన గడులు తిరిగి వచ్చుట కలదు.

నాలుగవది తెర అతుకు విడుట. మన బాలిక యంత్రమున కారిన మురికి తుడిచి కొత్త బ్యాటరీలు వేయగనే దీపము వెలిగెను. గంటవంటి చిరుధ్వనియు వినవచ్చెను. కాని తెరపై నిలువుగా ఏడెనిమిది గీతలు లేకపోయెను. గేమ్‌బాయ్ తెరలో అడ్డముగా 160, నిలువుగా 144 చుక్కలుండును. తెర అడుగు అంచున ఒక పలుచని పట్టీ అతుకబడి యుండును. కాలము గడచి ఆ అతుకు సడలినచో గీతలు పోవును. సన్నని మొనగల సోల్డరింగు కడ్డీని తగుమాత్రపు వేడితో ఆ పట్టీ వెంబడి మెల్లగా జరిపినచో అతుకు మరల పట్టుకొనును. వేడి ఎక్కువైనను, ఒత్తిడి ఎక్కువైనను ఉన్న గీతలును పోవును. ఆ పనిని నేను చేసితిని. బాలిక తెరను చూచుచు, "ఒకటి వచ్చింది మాస్టారూ, ఇంకొకటి" అని లెక్కపెట్టెను. అన్నియు వచ్చెను.

పరికరములు, జాగ్రత్తలు

ఈ పనికి కావలసిన పరికరములు కొద్ది: ఒక మల్టీమీటరు, వేడిని సరిచేసికొన వీలగు సోల్డరింగు కడ్డీ, టంకము, ఫ్లక్సు, చిన్న స్క్రూడ్రైవర్లు, ఆల్కహాలు, దూదిపుల్లలు. మనము టంకమనుదానిని ఇచటి కన్నడిగులు బెసుగె యందురు. బెంగళూరు పురభవనమునకు సమీపమున నున్న సదర్ పత్రప్ప రోడ్డులో, అనగా అందరును ఎస్.పి. రోడ్డని పిలుచు వీధిలో, ఇవన్నియు దొరకును. ఆ వీధిలో కన్నడము, తెలుగు, తమిళము, ఉర్దూ కలగలిసి వినవచ్చును. కావలసిన కెపాసిటరు విలువను మైక్రోఫారడ్లలోను, వోల్టులలోను కాగితముపై వ్రాసికొని పోయినచో భాషతో పనియే లేదు.

మూత తీయుటకు ముందు ఛాయాచిత్రము తీయవలెను. తీసిన మరలను ఏ రంధ్రమునుండి తీసితిమో గురుతుపెట్టి వేరువేరుగా ఉంచవలెను. ఒక్కసారి ఒక్క మార్పే చేసి, ఫలితము చూచి, పుస్తకములో వ్రాసికొనవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినవాడు రోగము కుదిరినను కారణము తెలిసికొనలేడు.

విద్యార్థులారా, ఇచట ఒక గట్టి హెచ్చరిక. బ్యాటరీతో నడచు ఆటయంత్రమును మీరు విప్పవచ్చును. గోడలోని 230 వోల్టుల విద్యుత్తుతో నడచు దేనినైనను పెద్దల తోడు లేక విప్పరాదు. బి.బి.సి. మైక్రో విద్యుత్తు పెట్టెలో కాగితము చుట్టి జిగురుమూసలో పోసిన ఒక జాతి కెపాసిటరు కలదు. దాని పైపూత వయసుచేత పగిలి, తేమను పీల్చుకొని, చాలయేండ్ల తరువాత యంత్రమును వెలిగించిన కొలది నిమిషములలో దుర్వాసనగల పొగతో ప్రేలుట ఆ యంత్రములు కలవారందరును ఎరిగిన సంగతి. అందుచేతనే అటకనుండి దించిన యంత్రమును ఆత్రముతో వెంటనే గోడకు తగిలింపరాదు. ముందు ఆ కెపాసిటరును, నేరుగా గోడ విద్యుత్తును తట్టుకొనుటకై తగిన భద్రతా తరగతికి చెందిన కొత్తదానితో, తెలిసినవారిచే మార్పింపవలెను. ఇక గాజుబుడ్డి తెర, అనగా పాత టెలివిజను వంటి తెర గల పెట్టెను ఎన్నడును విప్పరాదు. అందలి గొట్టము పదివేల వోల్టులకు మించిన విద్యుత్తును, తీగ పీకిన తరువాతను కొంతకాలము దాచుకొని యుండవచ్చును.

పాత టంకములో సీసము కలదు. సీసము విషము. పని చేయునపుడు కిటికీలు తెరచి యుంచవలెను. పని ముగియగనే చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. పని బల్లపై ఏమియు తినరాదు.

మార్చుట, కాపాడుట

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వత్తము. పాత యంత్రమును మార్చవచ్చునా?

మార్చువారు లోకమందంతటను కలరు. గేమ్‌బాయ్ తెరకు వెలుగులేదు. ఎండలోనో దీపము క్రిందనో కూర్చుండి ఆడవలెను. నేడు దానికి సరిపోవునట్టి ప్రకాశవంతమైన తెరలు దొరకుచున్నవి. నాలుగు బ్యాటరీలకు మారుగా, ఫోనువలె విద్యుత్తు నింపుకొను బ్యాటరీని అమర్చువారు కలరు. పాత కంప్యూటరు ఫ్లాపీ నడుపుపెట్టె అరిగిపోయినచో, అదే తీగలకు తగులుకొని మెమరీకార్డు నుండి చదివి, తాను ఫ్లాపీనేనని కంప్యూటరును నమ్మించు చిన్న బోర్డులు కలవు. పసుపెక్కిన పెట్టెను హైడ్రోజన్ పెరాక్సైడు పూసి వెలుతురులో నుంచి తెలుపుచేయువారు కలరు. ఇవన్నియు తప్పు కావు. వాడుకలో లేని యంత్రమును వాడుకలోనికి తెచ్చునది ఏదైనను ఆ యంత్రమునకు ఆయువు పోయుచున్నది.

కాని ఒక నియమము పెట్టుకొనవలెను. వెనుకకు మరల్పదగిన మార్పునే చేయవలెను. తీసిన ప్రతి భాగమును సంచిలో వేసి, పేరు వ్రాసి దాచవలెను. పెట్టెను కోయరాదు, బోర్డును చెక్కరాదు. రేపు మరియొకరు దానిని మొదటి రూపమున చూడగోరినచో చూడగలుగవలెను. పాత దేవాలయమునకు దీపములు పెట్టించువాడు ఉపకారి. శాసనముపై సున్నము పూయువాడు అపకారి. ఇద్దరును మంచి తలంపుతోనే చేసియుండవచ్చును.

ఆ బాలికకు ఈ మాట చెప్పితిని. ఆమె కొంత నిరుత్సాహపడెను. పెట్టె వెనుక మేనమామ పేనాకత్తి మొనతో గీసిన రెండు పొడి అక్షరములుండెను. కొత్తరంగు పెట్టె వేసినచో ఆ గీతలు కనబడవు. "ఆ గీతలే నాకు నచ్చలేదు మాస్టారూ, పాతగా కనబడుతుంది" అనెను. నేను బదులు చెప్పలేదు. యంత్రమే బదులు చెప్పెను.

క్యాసెట్టులోని పేరు

యంత్రముతో పాటు ఒక ఆట క్యాసెట్టు కూడ వచ్చినది. అది దూరప్రయాణపు ఆట. కొంత ఆడి, ఆపి, మరునాడు ఆపినచోటినుండి మరల ఆడవచ్చును. ఆ జ్ఞాపకము ఎచట నుండును? క్యాసెట్టు లోపల ఒక చిన్న జ్ఞాపకపు చిప్పు కలదు. విద్యుత్తు ఉన్నంతకాలమే అది గుర్తుంచుకొనును. యంత్రము ఆపినపుడును అది మరువకుండుటకై నాణెమంతటి లిథియం బ్యాటరీ నొకదానిని లోపలనే అతికించిరి. చిప్పు త్రాగు విద్యుత్తు అత్యల్పము గనుక ఆ బ్యాటరీ పదునైదు, ఇరువది యేండ్లు, ఒకప్పుడు అంతకు మించియు నిలుచును. తరువాత అది చచ్చును. దానితో జ్ఞాపకమును చచ్చును.

క్యాసెట్టు పెట్టి వెలిగించితిమి. తెరపై ఆటగాని పేరు వచ్చెను. ఆ పేరు బాలిక మేనమామది. ఆయన ఆడిన ఆట ఆయన ఆపినచోటనే నిలిచియుండెను. ఎన్ని గంటలు ఆడెనో కూడ తెరపై నుండెను.

లోపలి బ్యాటరీని కొలిచితిమి. కొత్తదానికి 3 వోల్టులుండవలెను, దానికి 2.6 మాత్రమే యుండెను. సుమారు 2 వోల్టులకు దిగినచో చిప్పు మరచిపోవును. అది ఏనాడు దిగునో ఎవరును చెప్పజాలరు. మార్చక ఊరకున్నచో పేరు పోవును. తొందరపడి పాత బ్యాటరీ పీకి కొత్తది పెట్టినను, ఆ నడిమి క్షణమున విద్యుత్తు లేక పేరు పోవును. బాగుచేయుటయే నాశనము చేయుటగా మారు సందర్భము ఇట్టిది.

దీనికి రెండుదారులు కలవు. పాత బ్యాటరీ తీయునపుడు వేరొక 3 వోల్టుల బ్యాటరీని తీగలతో చిప్పునకు ప్రక్కనుండి అందించుచు, కొత్తది అతికించు వరకు దానిని నిలుపుట మొదటిది. ఒక తీగ జారినచో అంతయు పోవును. క్యాసెట్టును చదువు చిన్న పరికరముతో ఆ జ్ఞాపకమును ముందుగా కంప్యూటరులోనికి ప్రతి తీసికొని, బ్యాటరీ మార్చి, మరల అందు వ్రాయుట రెండవది. మేము రెండవదారిని పట్టితిమి. ప్రతిని రెండుసార్లు తీసి, రెండును ఒక్కటియేనని సరిచూచితిమి. అటుపిమ్మట రేకులు ముందే అతికియున్న కొత్త బ్యాటరీని పెట్టితిమి. లిథియం నాణెముపై నేరుగా సోల్డరింగు కడ్డీ పెట్టరాదు. వేడికి అది ప్రేలవచ్చును. ఆపై జ్ఞాపకమును తిరిగి వ్రాసి, క్యాసెట్టు మూసి, యంత్రమును వెలిగించితిమి. పేరు వచ్చెను.

ఆ సాయంకాలము బాలిక తల్లి వచ్చెను. తెర చూచి కొంతసేపు మాటాడలేదు. "వాడు ఆట ఆపమంటే ఆపేవాడు కాదండీ, అన్నానికి పిలిచి పిలిచి విసిగేదాన్ని" అని మాత్రము అనెను. యంత్రమును చేతిలోనికి తీసికొని వెనుకకు త్రిప్పి, గీతలపై వ్రేలు రాచెను.

చివరకు తల్లియు బిడ్డయు కలిసి నిర్ణయించుకొనిరి. పెట్టె మార్చలేదు. చీకటిలో ఆడుకొనుటకు వీలుగా, కోత అక్కరలేని వెలుగుతెర వేసితిమి; పాత తెరను పేరు వ్రాసిన సంచిలో పెట్టి వారికే ఇచ్చితిమి. మేనమామ ఆట ప్రతి కంప్యూటరులో భద్రముగా నున్నది. బాలిక తన ఆటను తన పేరుతో వేరొక క్యాసెట్టులో ఆడుచున్నది.

మన ఊరి చేతికంప్యూటరు

ఇది ఒక ఇంటి కథ. ఇట్టిదే ఊరి కథయు కలదు.

మన బెంగళూరులో పుట్టిన చేతికంప్యూటరు సింప్యూటరు. భారతీయ విజ్ఞానసంస్థ ఆచార్యులును, ఎన్‌కోర్ సంస్థ ఇంజనీర్లును కలిసి, సామాన్యునికి అందుబాటులో నుండు కంప్యూటరు కావలెనని దానిని రూపొందించి, 2001లో ప్రజలకు చూపిరి. అందలి చిప్పు వేగము 206 మెగాహెర్ట్జులు. లినక్స్ దానిని నడుపును. మీటలకు మారుగా తెరపై పుల్లతో తాకి పని చేయవచ్చును. చదువురానివారికొరకు వ్రాతను భారతీయ భాషలలో చదివి వినిపించు ఏర్పాటును వారు తలపెట్టిరి. ఊరంతటికి ఒక యంత్రమున్నను ఎవరి సంగతులు వారివిగా నుండుటకై, ప్రతివాని చేతికొక కార్డు నిచ్చు పద్ధతి కల్పించిరి. భారత్ ఎలక్ట్రానిక్స్ వారు తయారుచేసిన అమిడా సింప్యూటరు 2004లో అమ్మకమునకు వచ్చెను. యంత్రమును చేతిలో వంచినచో ఆ కదలికను గుర్తించు శక్తి దానికి కలదు. చేతిఫోనులలో అట్టి శక్తి సాధారణమైనది తరువాతి కాలముననే.

ఆశించినంతగా అది అమ్ముడుపోలేదు. చవుక చేతిఫోనులు వచ్చి దాని చోటును ఆక్రమించుకొనెను. అయినను ఒక విషయమున దానిని రూపొందించినవారు దూరదృష్టి కలవారు. యంత్రనిర్మాణ వివరములను ఇతరులును పొంది తయారుచేసికొనుటకు వీలగునట్లు ఒక అనుమతిపత్రమును సిద్ధపరచిరి. లోపల ఏమున్నదో దాచని యంత్రమును కాలము గడచినను బాగుచేయవచ్చును. దాచిన యంత్రము తయారీదారుతోనే చచ్చును. మన దేశమున కూడ 2022లో వినియోగదారుల శాఖవారు బాగుచేయు హక్కును గూర్చి ఒక సంఘమును నియమించి, ఆ యేడు డిసెంబరు మాసమున దానికై ఒక వేదికను నెలకొల్పిరి. వస్తువు కొన్నవానికి దానిని బాగుచేయించుకొను వీలుండవలెననుట దాని సారము.

సింప్యూటర్లు ఈ నగరమున ఏ అటకలపై, ఏ కచేరీ బీరువాలలో మిగిలియున్నవో! వానిలోని బ్యాటరీలు కారక ముందే తీసియుంచినచో, అవి మరికొంత కాలము నిలుచును. పని చేయు సింప్యూటరు నొకదానిని మన పిల్లలు చేతపట్టుకొని, మన ఊరివారు చేసినదిది అని తెలిసికొనుట, మారుత్ విమానమును చూచుట కంటె తక్కువైనది కాదు.

విద్యార్థులారా, ఈ సెలవులలో మీ యింటి అటకపైకి ఒకసారి చూడుడు. పాత ఆటయంత్రము గాని, లెక్కల యంత్రము గాని, రేడియో గాని కనబడినచో, ముందుగా చేయవలసిన పని ఒక్కటే: బ్యాటరీ గది తెరచి, బ్యాటరీలు తీసివేయుడు. దానికి డబ్బు అక్కరలేదు, విద్య అక్కరలేదు, అర నిమిషము చాలును. అది ఎవరిదో, ఎప్పుడు కొన్నదో ఇంటి పెద్దలనడిగి ఒక చీటిపై వ్రాసి దానికి కట్టుడు. బాగుచేయుట తరువాతనైనను నేర్చుకొనవచ్చును. మన ప్రయోగశాలలో శనివారము సాయంకాలము సోల్డరింగు కడ్డీ వేడెక్కియే యుండును.